రెండంగుళాల కింద

పడగ్గది గుమ్మానికి మామ ఇనప కడ్డీ బిగించిన రోజునుంచీ అల్లుడికి బయటికి దారి ఒక్కటే. కడ్డీ పట్టుకుని పైకి లేవాలి, దిగాలి, ఆ తర్వాతే కాఫీ. స్నానానికైనా అంతే, చుట్టాలొచ్చినా అంతే.

మామ ముప్ఫయ్యేళ్లు రక్షణ దళంలో చేసి రిటైరైన మనిషి. పాడుబడ్డ బావుల్లో, గోతుల్లో, కూలిన గోడల సందుల్లో ఇరుక్కున్నవాళ్లను తీసే పని. ఒకచేత్తో పడినవాణ్ని చంకన పొదువుకుని రెండోచేత్తో తను పైకి రావాలి. అందుకే దళంలో చేరాలంటే ఒంటిచేతి పుల్లప్ ఒకటి, అంటే గడ్డం కడ్డీ దాటేదాకా ఒక్క చేత్తో లేవడం, చేసి చూపించాలి. రిటైరైనవాడి చోటు ఆ ఇంట్లోనే ఒకరికి ఇస్తారు. అవకాశాలు మూడు. మామకు కొడుకుల్లేరు. ఉన్నది ఒక్క కూతురు, ఆ కూతురి చెయ్యి పట్టుకుని ఇంట్లోకి వచ్చిన ఈ దర్జీ అల్లుడు.

రెండు అవకాశాలు అయిపోయాయి. మూడోదానికి ఇంక మూడు నెలలు.

"ఇదీ తప్పిందంటే జన్మంతా సూదీ దారమే నీ గతి" అనేవాడు మామ, పక్కింటికి వినపడేలా. అల్లుడు తల వంచుకునేవాడు.

మొదటి నెల తువ్వాలు. కుడిచెయ్యి కడ్డీ మీద, ఎడమచెయ్యి కడ్డీనుంచి వేలాడే తువ్వాలు మీద. వారం వారం ఎడమచెయ్యి జానెడు కిందికి జరగాలి. అది జరిగినకొద్దీ కుడిచేతికి బరువు. రెండో నెల ఇసుక బకెట్. నడుముకు తాడు కట్టి, కప్పీ మీదుగా బకెట్‌కి వేశాడు. బకెట్ దిగుతుంటే మనిషి పైకి తేలతాడు. ప్రతి ఆదివారం మామ స్వయంగా నాలుగు దోసిళ్ల ఇసుక తీసి మొక్కలకు పోసేవాడు. మూడో నెల దిగడం. కుర్చీ మీదనుంచి కడ్డీ పైకి గడ్డం చేర్చి, కుర్చీ వదిలి, పది లెక్కపెట్టేదాకా ఒంటిచేత్తో మెల్లగా దిగాలి. ఎక్కడం రానివాడికి ముందు దిగడం నేర్పాలని మామ సిద్ధాంతం.

అల్లుడి అరచేతులు కాయలు కాశాయి. ఒక సాయంత్రం అతను భార్య పట్టు జాకెట్టుకి చేతికుట్టు వేస్తుంటే పోగులన్నీ చర్మానికి తగులుకుని లేచిపోయాయి. పని ఆపి, ఆ చేతివంకే చూస్తూ కూర్చున్నాడు.

"మీవల్ల కాదని నాన్నతో చెప్పెయ్యకూడదూ?" అంది భార్య.

"ఎలా చెప్పను? నా అనేవాళ్లు లేనివాణ్ని ఇంట్లో పెట్టుకున్నాడు. ముప్ఫయ్యేళ్ల పేరు నా చేతిలో పెడతానంటున్నాడు. కాదని నోటితో అనలేనే."

అడకత్తెరలో పోకచెక్కంటే అదే.

చిక్కల్లా చివర్లో వచ్చింది. ఎన్నిసార్లు లేచినా అల్లుడు ఒక్కచోటే ఆగేవాడు. గడ్డానికీ కడ్డీకీ మధ్య రెండంగుళాలు. భార్య కింద నిలబడి మడమకి రెండు వేళ్లు ఆనించిందా, ఇట్టే దాటేసేవాడు. వేళ్లు తీసిందా, మళ్లీ రెండంగుళాలు.

"ఏనుగు పోయి తోక చిక్కడమంటే ఇదేనమ్మా" అన్నాడు మామ కూతురితో. అక్కడితో వదల్లేదు. సరిగ్గా ఆ చోటే అల్లుణ్ని ఆపి లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఐదు, పది, పదిహేను. "ఆ రెండంగుళాలే నీ శత్రువు. దాంతోనే కాపురం చెయ్యి."

అల్లుడు చేశాడు.

పరీక్షనాడు మామ పాత యూనిఫాం చొక్కా వేసుకొచ్చాడు. పొట్ట దగ్గర బిగుతైతే ముందురోజే అల్లుడు కుట్లు విప్పి వదులు చేసిపెట్టాడు. దళం ఆవరణలో మామ ఎరిగినవాళ్లు పదిమంది పోగయ్యారు. గడువు అరనిమిషం.

అల్లుడు కుడిచేత్తో కడ్డీ అందుకున్నాడు. లేచాడు. కళ్లు కడ్డీ దాటాయి. ముక్కు దాటింది. పెదవులు కడ్డీకి ఎదురుగా వచ్చాయి.

ఆగాడు.

"పది" అన్నాడు అధికారి. మామ పిడికిళ్లు బిగించి, తనే ఎక్కుతున్నట్టు మునివేళ్ల మీద లేచాడు.

"ఇరవై." అల్లుడు మామవైపే చూస్తున్నాడు. అధికారి గడియారం మీదనుంచి చూపు తిప్పి అల్లుడి మోచెయ్యి వంక చూడసాగాడు. అది పైకీ పోవడం లేదు, కిందికీ రావడం లేదు.

"ముప్పై."

అల్లుడు చెయ్యి వదిలేశాడు.

ఇంటికి రాగానే మామ స్పానరు తెచ్చి తనే కడ్డీ విప్పాడు. ఆ పని అయ్యాక గుమ్మంలోనే కూలబడ్డాడు.

"నీ తప్పేం లేదు బాబూ" అన్నాడు, తిట్టడం తప్ప ఎరగని మనిషి. "నేనే ఎక్కడో సరిగ్గా నేర్పలేకపోయాను."

అల్లుడు ఏదో అనబోయాడు. ఆయన పక్కనే నేలమీద కూర్చుండిపోయాడు.

సోమవారం మామే అతన్ని ఒక పెద్ద దర్జీ దుకాణానికి తీసుకెళ్లి కత్తిరింపు పనికి పెట్టాడు. "మావాడు చేతకానివాడు కాదండీ, అదృష్టం లేదు, అంతే" అని యజమానికి ఒకటికి రెండుసార్లు చెప్పి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

అప్పుడే కొత్త సరుకు దిగింది. బట్ట తానులన్నీ అటక మీదికి చేర్చాలి. యజమాని నిచ్చెన అడిగి తెస్తానని పక్క దుకాణానికి వెళ్లాడు.

ఆయన తిరిగొచ్చేలోగా అల్లుడు ఎడమ చంకలో ఒక తాను ఇరికించుకుని, కుడిచేత్తో అటక అంచు పట్టుకుని, ఎక్కడా ఆగకుండా గడ్డం పైకి దాటేదాకా లేచి, దాన్ని అటక మీదికి తోసి, మెల్లగా దిగి, రెండో తాను అందుకున్నాడు.