మూడో దినం

"దాని నోరు గట్టిగ మూయి. తల్లికి ఇనబడితే తలుపు పగలగొడ్తది," అన్నాడు జనార్ధన్, కత్తెరను స్పిరిట్‌లో ముంచుతూ.

శామీర్‌పేట షెడ్డులో అతని భార్య రాధమ్మ డాబర్‌మన్ కుక్కపిల్ల మూతిని పిడికిట్లో బిగించింది. కత్తెర కదిలింది. ముందు తోక, తర్వాత ముంగాళ్ల పక్కగోళ్లు తట్టలో పడ్డాయి.

"ఎట్ల గింజుకుంటాందో సూడు. తోకుంటే ఏమైతది?" అంది రాధమ్మ.

"తోకుంటే కొంపల్లి విల్లాలోళ్లు కొనరు. అయినా పుట్టి మూడు దినాలే. గీ వయసుల నొప్పి తెల్వదు."

ఇంతలో ఫోన్ మోగింది. ఆస్పత్రి నుంచి కూతురు నయన. స్పీకర్‌లో పసిపాప గుక్కపట్టి ఏడుస్తోంది.

"బాపూ, ఏదో పరీక్షకని పాప మడమకు సూది గుచ్చి రక్తం తీసిన్రు. ఎంతకూ ఊకుంటలేదు."

జనార్ధన్ ముఖం ఎర్రబడింది.

"మూడు దినాల పసిగుడ్డుకు సూది గుచ్చుతరా? ఆ నర్సుకు మనసెట్ల ఒప్పింది? ఎత్తుకో బిడ్డా, జల్దీ ఎత్తుకో. నేనొస్తున్న."

ఫోన్ పెట్టేసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ కత్తెర అందుకున్నాడు.

"ఇంకా నాలుగున్నయి. ఇంకోదాన్ని పట్టు."

రాధమ్మ పట్టుకుంది. ఈసారి దాని నోరు మాత్రం మూయలేదు.