తనిఖీ నాటి గోల

"సైలెన్స్!" అని బల్ల మీద చేత్తో కొట్టింది లెక్కల టీచర్.

ఏడో తరగతి బి సెక్షన్ ఆ మాట విన్నట్టే లేదు. వెనక బెంచీలో హెడ్మిస్ట్రెస్ పక్కన కూర్చున్న ఇన్‌స్పెక్టరుగారు పుస్తకం తెరిచి పెన్ను మూత తీశారు. సరిగ్గా అప్పుడే ఆయన చెవి పక్క నుంచి ఒక కాగితం రాకెట్టు దూసుకుపోయి గోడకు గుద్దుకుంది.

టీచర్ గుండె జారిపోయింది. పెద్ద బడిలో లెక్కల టీచర్ పోస్టు ఖాళీగా ఉంది. తరగతిని చక్కగా నడిపేవాళ్లెవరో చూసి, అక్కడికి తీసుకుపోవడానికే ఆయన వచ్చారు. ఆ బడి ఆమె ఇంటి వీధి చివరే. ఇక్కడికి రావాలంటే రోజూ రెండు బస్సులు మారాలి. అందుకే నిన్న సాయంత్రం పిల్లలకు చిలక్కి చెప్పినట్టు చెప్పింది, "రేపు ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారర్రా, నా పరువు మీ చేతుల్లో ఉంది" అని. "అలాగే టీచర్!" అని నలభై రెండు గొంతులూ ఒక్కటై అరిచాయి కూడా.

ఆమె కుడిచెయ్యి పైకెత్తి మూడు వేళ్లు చూపించింది. మామూలుగా అయితే మొదటి వేలు ముడిచేసరికి సగం గది, మూడోది ముడిచేలోగా గదంతా సద్దుమణిగిపోతుంది. ఈరోజు మూడు వేళ్లూ ముడిచింది. మూల నుంచి "కొక్కొరొకో!" అని వినిపించింది. గది గదంతా ఘొల్లుమంది.

"సరే, నోట్‌బుక్కులు తీసుకోండి. ఒక్కొక్కళ్లే, నంబరు ప్రకారం" అంది.

ఆమె బల్ల మీద మూడు ట్రేలు ఉంటాయి. దిద్దినవి ఒకదాంట్లో, దిద్దాల్సినవి ఇంకోదాంట్లో, బడికి రానివాళ్లవి మూడోదాంట్లో. పిల్లలు ఎగబడ్డారు. మూడు ట్రేలనీ పేకముక్కల్లా కలిపేశారు. సుద్దముక్కల డబ్బా కింద పడి, ఒక ముక్క దొర్లుకుంటూ ఇన్‌స్పెక్టరుగారి బూటు దగ్గర ఆగింది.

ఆయన దాన్ని తీసి బెంచీ మీద పెట్టి, ముందు వరసలో కళ్లజోడు పిల్లను లేపారు.

"ఏడు ఎనిమిదులు ఎంతమ్మా?"

టీచర్ ఊపిరి పీల్చుకుంది. ఆ పిల్లకు పంతొమ్మిదో ఎక్కం కూడా నిద్రలో లేపి అడిగినా వస్తుంది.

"డెబ్బై ఎనిమిది సార్" అంది ఆ పిల్ల, కళ్లజోడు సర్దుకుంటూ.

ఆయన పుస్తకం మూసేశారు. లేచి నిలబడి హెడ్మిస్ట్రెస్‌తో మెల్లగానే అన్నారు కానీ, టీచర్‌కు ప్రతి అక్షరం వినిపించింది. "ఈవిణ్ణి ఇంకో ఏడాది ఇక్కడే ఉండనివ్వండి. ముందు క్లాసును అదుపులో పెట్టుకోవడం నేర్చుకోవాలి."

గేటు దాకా ఆయన్ని సాగనంపి వచ్చి, హెడ్మిస్ట్రెస్ వరండాలో టీచర్‌ను నిలదీసింది.

"ఏంటమ్మా ఇది? నీ క్లాసును చూసి బుద్ధి తెచ్చుకోండని మిగతావాళ్లందరికీ చెప్పేదాన్ని. ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే ఇవాళ్టికి వచ్చారు. ఇప్పుడు నా తల ఎక్కడ పెట్టుకోమంటావ్?"

"నాకేం అర్థం కావట్లేదు మేడం. నిన్నటి దాకా బంగారం లాంటి పిల్లలు..."

"బంగారమా! ఆ రాకెట్టు వెంట్రుకవాసిలో తప్పింది. లేకపోతే ఆయన కన్ను పోయేది!" అనేసి ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని విసురుగా వెళ్లిపోయింది.

టీచర్ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఈరోజు ఒక్కొక్కడి సంగతీ తేల్చాల్సిందేనని పళ్లు బిగించి, తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ వినిపించడం లేదు. నేల మీద ఒక్క కాగితం ముక్క లేదు. బోర్డు తళతళలాడుతోంది. మూడు ట్రేల్లోనూ నోట్‌బుక్కులు నంబరు వరసన చేరాయి. నలభై రెండు మందీ చేతులు కట్టుకుని, తలలు దించుకుని కూర్చున్నారు.

ఆ బుద్ధిమంతుల్ని చూసేసరికి ఆమెకు కోపం బదులు ఏడుపొచ్చింది.

"మీకేం ద్రోహం చేశానర్రా నేను?"

క్లాసు లీడరు లేచింది. గంటకు వంద కబుర్లు చెప్పే ఆ పిల్లను బడిలో అందరూ వసపిట్ట అంటారు. ఇప్పుడు మాత్రం నసిగింది.

"మరేమో టీచర్..."

"ఊఁ, చెప్పు! ఆయనెదురుగా అంతలేసి గోల చేశారే, ఇప్పుడు నోట్లో నాలుక లేదా?"

వసపిట్ట గౌను అంచు వేలికి చుట్టుకుంటూ, పక్కనున్న కళ్లజోడు పిల్ల వైపు ఒకసారి చూసి, గబగబా చెప్పేసింది.

"పోయినేడు మన తెలుగు టీచర్‌ని చూడ్డానికి ఈ ఇన్‌స్పెక్టరు సారే వచ్చినప్పుడు, మేమందరం ఊపిరి బిగబట్టి ఎంతో బుద్ధిగా కూర్చున్నాం టీచర్... మర్నాడే ఆవిణ్ణి పెద్ద బడికి తీసుకెళ్లిపోయారు!"