గొంతు లేని పాట

నాగవల్లి నడిపే చిన్న పాటల సంస్థ నుంచి ఆ ఉదయం కొత్త పాట విడుదలైంది. సంస్థంటే ఆమె, ఒక పాత కంప్యూటరు, చీరాలలో వంటింటి పక్క గది. పోయిన అమ్మ చివరి చీర నేసినప్పటి మగ్గం చప్పుడును తాళంగా పెట్టి, దానిమీద నిదానంగా సాగే ఎలక్ట్రానిక్ స్వరాలు కూర్చింది. ఏడాది పట్టింది.

మధ్యాహ్నం చెల్లెలు సువర్చల చిక్కుళ్ళు ఒలుస్తూ పాట విని మురిసిపోయింది.

"ఎంత బాగుందక్కా! ఆ పాడినామె ఎవరు?"

నాగవల్లి చెల్లెలి చెవివైపు చూసింది. ఆ పాటలో ఎవరూ పాడలేదు. ఇప్పుడందరి చెవుల్లోనూ ఉండే చెవిగింజ, ఏ పాటనైనా వినేవాళ్ళ ఇష్టానికి తగ్గట్టు మార్చేస్తుంది. చెల్లెలికి ఆడగొంతు ఇష్టమని దాన్ని కలిపింది. విసుగు పుట్టిస్తుందని మగ్గాన్ని తీసేసింది.

"ఒక్కసారి గింజ తీసి వినవే. అది అమ్మ మగ్గం. దాని పక్కన ఉయ్యాలేస్తేగానీ నువ్వు నిద్రపోయేదానివి కాదు."

"బళ్ళో చేరినకాడ్నుంచీ తియ్యలేదక్కా. చెవి బోసిగా ఉంటది," అని గొణుగుతూనే సువర్చల గింజ తీసి పళ్ళెం అంచున పెట్టింది.

నాగవల్లి స్పీకరులో పాట పెట్టింది. గదిలో మళ్ళీ అమ్మ మగ్గం ఆడింది. ఆరు నిమిషాలూ ఆమె చెల్లెలి ముఖాన్నే చూస్తూ కూర్చుంది.

చప్పుడు ఆగింది. సువర్చల ఓపిగ్గా తలెత్తింది.

"పాట ఎప్పుడు మొదలవుద్దక్కా?"

నాగవల్లి గింజను కొంగుతో తుడిచి చెల్లెలి చేతిలో పెట్టింది.