రోజుకొక వరస

రామతులసి కుడికాలు నేలకు ఆనిందో లేదో, గుమ్మంలోనుండి మాట వినిపించింది.

"కాలు పైకి తీయండమ్మా."

చేతిలో తడిగుడ్డతో అమలమ్మ నిలబడి ఉంది. గవర్నర్‌పేటలోని ఆ నర్సింగ్‌హోములో మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఎక్కే ఆయా.

"కిటికీదాకానే అమలమ్మా. నాలుగడుగులు."

"నిన్నా నాలుగే అన్నారు."

రామతులసి కాలు పైకి తీసుకొంది.

రెండు గర్భాలు ఆరో నెలలో పోయిన తరువాత దక్కిన మూడవ గర్భం అది. డాక్టరమ్మ గర్భసంచి ముఖానికి కుట్టు వేసి, నెలలు నిండేవరకు మంచం దిగరాదని శాసించింది. ఇంకా మూడు నెలలు. చదువుదామంటే అక్షరం మీద చూపు నిలవదు, జపం చేద్దామంటే నామం మీద మనస్సు నిలవదు. లేచి తిరగాలన్న తహతహ మాత్రం క్షణమైనా నిలవనీయదు.

"చేతికేదన్నా పని పెట్టుకోండి. కాలు ఊరుకుంటది," అన్నది అమలమ్మ.

రెండు రోజుల తరువాత ఒక తెల్లటి ఊలు ఉండ, క్రోషియా సూది తెచ్చి మంచం మీద పెట్టింది.

"పాపాయికి దుప్పటి అల్లుకోండి."

పక్కనే కూర్చున్న రామతులసి తల్లి శివపార్వతి జపమాల ఆపింది.

"పుట్టకముందే బిడ్డకు బట్టలు సిద్ధం చెయ్యకూడదమ్మా. తొలుత కప్పేది పాతగుడ్డే కావాలి. అయినా బెజవాడ ఎండలకు ఊలు దుప్పటేమిటి?"

"పుట్టేది డిసెంబర్లో కదండీ పెద్దమ్మగారూ, చలి ఉంటది. పాతదే కావాలంటారా, అల్లినంతమేరా అమ్మాయిగారే రోజూ కప్పుకుంటారు. కాన్పు నాటికి పాతదైపోద్ది."

శివపార్వతి, శాస్త్రంలో అందుకు ఆక్షేపణ ఏదీ తోచక, మళ్ళీ పూసలు తిప్పుకొంది.

"ఈ పని నీకెక్కడ అబ్బింది?" అని అడిగింది రామతులసి.

"మాది నరసాపురం వైపండి."

లేసులల్లే సీమ. ఇక అడగవలసినదేమీ లేదనుకొంది రామతులసి.

మొదటిరోజు ముడి వేసి గొలుసు అల్లడం. రెండవరోజు ఆ గొలుసు మీద తొలి వరస. మూడవరోజు వరస చివర వెనుదిరగడం. అమలమ్మ ప్రతిదీ నిదానంగా, పెదవులు కదుపుతూ చేసి చూపేది. ఆపైన ఎంత బతిమాలినా మరొకటి చెప్పేది కాదు.

"తరువాతేమిటి?"

"రేపండి."

రెండు వారాలు తిరిగేసరికి దుప్పటి పైకి పోయినకొద్దీ సన్నబడింది.

"దుప్పటి మొదలుపెట్టి గోచీ చేశావేమే?" అన్నది తల్లి.

అమలమ్మ దానిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎక్కడ తప్పిందో రేపు చెప్తానండి."

"నీకు చూడగానే తెలియదూ?"

"రేపండి."

మరునాడు వస్తూనే చెప్పింది. "ప్రతి వరసలోనూ చివరి కుట్టు వదిలేస్తున్నారు. లెక్కపెట్టుకుంటా అల్లండి." పన్నెండు వరసలు దగ్గరుండి విప్పించింది.

రామతులసికి రోషం వచ్చింది. అర్థించిన శిష్యునికి విద్య దాచిన గురువును పాపం చుట్టుకొంటుందని, పురాణం చెబుతూ తండ్రి అనేవారు. ఈమె చూడబోతే చిటికెడు చిటికెడుగా విదిలిస్తున్నది.

అంచు అల్లేనాడు ఆ కోపం పైకి వచ్చింది.

"అంతా ఒక్కసారే చెప్పేస్తే నీ గొప్ప తరిగిపోతుందా అమలమ్మా? మూల తిప్పడం కూడా రేపేనా?"

అమలమ్మ చేతిలోని సూదివంక చూసింది. నొచ్చుకొన్నట్లే ఉంది.

"రేపేనండి. అందాకా కాలు కింద పెట్టకండి."

ఆ రోజులు కోపంతోనే గడిచాయి. అయితేనేం, మంచం మీదనే గడిచాయి.

డిసెంబరు ఇరవై మూడున, నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. బయట నిలుచున్న శివపార్వతి ఆ ఏడుపు విని కన్నీళ్ళు తుడుచుకొని, పాతబడిన ఆ దుప్పటిని తానే తెచ్చి మనుమరాలికి కప్పింది.

అమలమ్మ క్రిస్మస్‌కు సెలవు పెట్టి వెళ్ళింది. ఒక్క మంచిమాటైనా చెప్పకుండానే రామతులసి ఇంటికి చేరింది.

మాఘమాసంలో పాపను ఎత్తుకొని, చీర పట్టుకొని వెళ్ళేసరికి అమలమ్మ అక్కడ లేదు.

"మోకాళ్ళ నొప్పులని పని మానేసిందండీ," అన్నది నర్సు. "ఊరు మాకెవరికీ తెలీదు. వన్ టౌన్‌లో టోపీలల్లే నజీరాగారని, ఆవిడతో స్నేహంగా ఉండేది. అడిగి చూడండి."

ఇరుకు సందులో, ఇంటి గుమ్మం మీద కూర్చొని నజీరా నమాజు టోపీ అల్లుతున్నది. రామతులసి భుజం మీద నిద్రపోతున్న పాపనూ, కప్పిన దుప్పటినీ చూసి సూది ఆపింది.

"మంచం దిగిపోయే అమ్మ మీరేనా?"

రామతులసి సిగ్గుపడి తలూపింది. "అమలమ్మ ఊరు తెలుసా అండీ? నరసాపురంలో లేసులల్లేవాళ్ళను అడిగితే చెబుతారా?"

"లేసులేంటమ్మా," నజీరా నవ్వింది. "వాళ్ళవాళ్ళు ఉప్పుమళ్ళల్లో కూలికెళ్ళేవాళ్ళు. వినాయకచవితి పందిళ్ళేసే రోజుల్లో మా ఇంటికొచ్చిందాకా ఆవిడ సూది ముట్టుకునే ఎరగదు. అరవై ఏళ్ళ మనిషి, చేతులు వణికేవి. రోజూ పొద్దున ఎనిమిదింటికే వచ్చి కూర్చునేది, ఎంత కొట్టుకున్నా పూటకి ఒక్క వరసే వచ్చేది. ఈస్టరుకి వస్తానంది, వస్తే చెప్తాలెండి."

రామతులసి దుప్పటి మూలను వేళ్ళతో తడుముతూ ఉండిపోయింది.

రోజూ మధ్యాహ్నం రెండింటికి తాను విద్య అడిగిన ఆ గురువు, అదే ఉదయం ఎనిమిదింటికి ఈ గుమ్మంలో కూర్చొని, అదే వరసను తొలిసారి నేర్చుకొన్న శిష్యురాలు.