ఒక్కటి కలపాలె

"నీకు ఇరవై అయిదు దాటాయమ్మా. నర్సు ట్రైనింగుకు పనికిరావు" అన్నాడు సూర్యాపేట ఆఫీసు గుమాస్తా.

పద్మమ్మ దరఖాస్తు మళ్లీ ముందుకు తోసింది. మొగుడు పోయాక అన్నల గొర్రెల దొడ్డి ఊడుస్తూనే ఏడో తరగతి పాసైంది పాపం. దరఖాస్తుకు ఇవాళే ఆఖరు.

"ఇరవై నాలుగే సారూ!"

"నీ పుట్టుక కాగితం ఉర్దూలో ఉంది, చదివించాను. నిజాం కాలం లెక్క, ఫసలీ పదమూడు వందల నలభై తొమ్మిది. అయిదు వందల తొంభై కలిపితే మన పందొమ్మిది వందల ముప్పై తొమ్మిది. ఇప్పుడు అరవై అయిదు జనవరి. నువ్వే చూసుకో!"

ఇంకేం చూసుకుంటుంది? కాగితం పట్టుకుని బయటకొచ్చింది.

మెట్ల మీద మాసిన షేర్వాణీలో ఒక ముసలాయన లోపలి మాటలు విని, ఆమె చేతిలోని కాగితం తొంగిచూసి లేచాడు.

"బిడ్డా, జర ఆ కాయితం ఇటియ్యి. సారు లెక్క తప్పిండు."

"వీరయ్యా, మళ్ల షురూ జేసినవా?" బంట్రోతు కసిరాడు. "వచ్చినోళ్లందర్నీ గిట్లనే పట్టుకుంటడమ్మా. పిచ్చోడు."

ఏ బ్రోకరో ఏమోనని పద్మమ్మ కాగితం కొంగులో దాచుకుంది.

"నా దగ్గర పైసల్లేవు తాతా. దండం పెడ్త, ఇడిసిపెట్టు."

"పైసలెవలడిగిండ్రు? అది ఖుర్దాదు నెల బిడ్డా! ఒక్కటి కలపాలె! నేను రాసిస్త, రా!"

బస్సు దాకా వెంటబడ్డాడు. ఆమె మొహం తిప్పుకుంది.

ఏడాది గడిచింది. పద్మమ్మ కోదాడ దవాఖానలో ఊడ్చే పనికి కుదిరింది. ఒకరోజు మనసాగక నర్సు లీలావతమ్మకు ఆ కాగితం చూపించింది. ఆమెకు ఉర్దూ చదవడం వచ్చు.

"అయ్యో! ఫసలీ సంవత్సరం అక్టోబరులో మొదలయ్యేది. జనవరి నుంచి వచ్చే నెలలకు ఇంకొకటి కలపాలి. ఖుర్దాదంటే ఏప్రిల్. నువ్వు పుట్టింది నలభైలో. పోయినేడు దరఖాస్తు నాటికి నీకు ఇరవై నాలుగే పద్మమ్మా!"

"మరి ఇప్పుడమ్మా?"

"ఇప్పుడు నిజంగానే దాటాయి."

పద్మమ్మ చీపురు గోడకు ఆనించింది.

"నాకు ఎవ్వలు జెప్పలే గదమ్మా..." అంటుండగానే 'ఒక్కటి కలపాలె' అన్న ముసలాయన గుర్తుకొచ్చాడు.

"ఈ కాగితం రాసిన మున్షీని పట్టుకుని అప్పుడే ఒక్క ముక్క రాయించుకోవాల్సింది. ఆయన మాట ఎవరూ కాదనేవాళ్లు కాదు."

లీలావతమ్మ కాగితాన్ని వెలుతురుకు పట్టి, అడుగున వెలిసిపోయిన సంతకాన్ని కూడబలుక్కుంటూ చదివింది.

"వీ...ర...య్య."