నలభై ఏడుతో ముగిసే నంబరు

రలిత్సా పొద్దుటినుంచి వేళ్ళు మడిచి లెక్కపెడుతూనే ఉంది.

ఎన్నిసార్లు లెక్కపెట్టినా ముప్ఫై రోజుల గడువులో ఇవాళ ఇరవై తొమ్మిదో రోజే. రేపటితో ఆమె సోషల్ మీడియా ఖాతా శాశ్వతంగా చెరిగిపోతుంది.

తీసెయ్యమని కోరింది తనే. తల్లికి నలభయ్యో రోజు ప్రార్థన చేయించి ఇంటికొచ్చి ఫోన్ తెరిస్తే, తల్లి పంపిన వాయిస్ మెసేజ్‌లు వరసగా కనిపించాయి. తను ఇటలీలో ఎవరో ముసలామెకు సేవ చేస్తూ, తీరిగ్గా విందాంలే అని వదిలేసినవి. చూడలేక ఖాతానే తీసెయ్యమని నొక్కేసింది.

ఇప్పుడు ఆ గొంతు కావాలి. తల్లి ఫోన్ అంత్యక్రియల హడావిడిలో ఎటు పోయిందో తెలియదు.

పాస్‌వర్డ్ గుర్తు లేదు. కొత్తది కావాలంటే ఈమెయిల్‌కు కోడ్ పంపిస్తారట. ఆ ఈమెయిల్ ఇచ్చిన చిన్న కంపెనీ ఏడాది కిందటే మూతపడింది.

మిగిలింది ఒక్కటే దారి. నలభై ఏడుతో ముగిసే ఫోన్ నంబరు. ఇటలీ వెళ్ళకముందు ఆమెదే. వాడకపోయేసరికి దాన్ని వేరెవరికో ఇచ్చేశారు.

ఆ వేరెవరికో ఫోన్ చేసింది.

"ఎవరు?" ముసలి గొంతు.

"బాబాయ్ గారూ, వ్రాత్సా ఊరి నుంచి మాట్లాడుతున్నాను. మీ ఫోన్‌కి ఇప్పుడు ఆరంకెల కోడ్ వస్తుంది. కాస్త చదివి చెప్తారా?"

"చెప్పను."

"ఎందుకండీ?"

"చెప్పొద్దని టీవీలో రోజూ మొత్తుకుంటున్నారుగా. మా పక్కింటావిడ ఇలాగే చెప్పి నెల్లాళ్ళు ఏడ్చింది."

"నేను దొంగని కాదు. ఆ నంబరు ఇదివరకు నాదే."

"దొంగలు మాత్రం దొంగలమని చెప్తారా అమ్మాయ్?"

"నా పేరు రలిత్సా. మా అమ్మ పోయింది. ఆవిడ గొంతు అందులో ఉంది. రేపటితో అదీ పోతుంది."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"మీ అమ్మ పేరేంటి?"

"పెత్కానా. దాంతో మీకేం పని?"

"మా ఊరు లోమ్ వచ్చెయ్. గుర్తింపు కార్డు పట్టుకురా. స్టేషన్ వెనకాల స్తమెన్ ఇల్లంటే ఎవరైనా చూపిస్తారు."

ఫోన్ పెట్టేశాడు.

రెండు గంటల బస్సు ప్రయాణం. దారంతా ఆయన్ని తిట్టుకుంటూనే ఉంది. ఆరంకెలు చదవడానికి ఇంత బెట్టా?

తలుపు తీసిన మనిషి బక్కగా, పొడుగ్గా ఉన్నాడు. గడ్డం అప్పుడే గీసుకున్నట్టుంది. బల్ల మీద పెరుగు, జున్ను పెట్టి కాల్చిన వేడి బనిత్సా రొట్టె పెట్టి ఉన్నాయి. కార్డు తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని, దాన్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు.

"కూర్చో. ముందు తిను."

"తినడానికి రాలేదండీ. కోడ్ కావాలి."

"మీ అమ్మ ఎప్పుడు పోయింది?"

"మార్చి తొమ్మిదిన."

"తొమ్మిదా," అని తనలో తాను అనుకున్నాడు. "పొద్దున్నేనా?"

"అది మీకెందుకు?"

"దగ్గర ఎవరైనా ఉన్నారా అప్పుడు?"

ఆ ప్రశ్న ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

"లేరు. ఎవరూ లేరు. నేనూ లేను. సరేనా? పోలీసులైనా ఇన్ని అడగరు. ఊసుపోక ఊళ్ళోవాళ్ళ చావుల గురించి ఆరా తీస్తారా మీరు? ఇందుకేనా నన్నింత దూరం రప్పించింది?"

స్తమెన్ జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద ఆమె వైపు జరిపాడు.

రలిత్సా తన ఫోన్లో నొక్కింది. ఆయన ఫోన్ మోగింది. ఆరంకెలు. మొదటిసారి తప్పు కొట్టింది. రెండోసారి ఖాతా తెరుచుకుంది. తొలగింపు రద్దు చెయ్యాలా అని అడిగింది. అవునని నొక్కింది.

"దొరికిందా?" అన్నాడాయన.

"దొరికింది."

"అమ్మాయ్, ఒక్క మాట. నేను..."

"బస్సు వెళ్ళిపోతుందండీ. ఆ నంబరు ఖాతాలోంచి తీసేస్తాను. ఇక మీ జోలికి రాను."

థాంక్స్ అయినా చెప్పకుండా గేటు దాటింది.

బస్సు ఊరు దాటింది. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాతవాటి నుంచి ఒక్కొక్కటే వినసాగింది. టమాటా నారు గురించి. మోకాళ్ళ నొప్పి గురించి. మెట్ల మీద ఎవరూ తీసెయ్యని మంచు గురించి. తల్లి దగ్గు కూడా వదలకుండా రెండోసారి విన్నది.

ఆఖరుది మార్చి ఎనిమిదిన వచ్చింది.

"రలిత్సా, నీ కొత్త నంబరు రాసుకున్న కాగితం మళ్ళీ ఎక్కడో పెట్టేశానే. నా మతిమరుపు నీకు తెలుసుగా. రోజూ పొద్దున్నే పాత నంబరుకే కొడుతున్నాను. లోమ్‌లో ఒక పెద్దాయన ఎత్తుతున్నాడు. చెప్పిందే చెప్పినా ఒక్కనాడూ విసుక్కోలేదు. 'మీ అమ్మాయి పనిలో ఉంది పెత్కానా గారూ, ఈలోగా నాతో చెప్పండి' అంటాడు. నేను మాత్ర మింగి నీళ్ళు తాగిందాకా ఫోన్ పెట్టడు. చలికాలమంతా ఇదే వరస."

కాసేపు దగ్గు. తర్వాత మళ్ళీ తల్లి గొంతు, కొంచెం మొహమాటంగా.

"మొన్న డాక్టరమ్మ దగ్గర కాగితంలో దగ్గరివాళ్ళ పేరు రాయమంటే, నువ్వు దూరంగా ఉన్నావు కదా అని ఆయన పేరు రాశానే, ఏమీ అనుకోకు."