కొట్టేసిన వాక్యం

"ఈ ఒక్క వాక్యం తీసేద్దామమ్మా. తీస్తే కథ నిలబడుతుంది" అంటూ ప్రభాకరన్ మాస్టారు దాని మీద పెన్సిల్‌తో అడ్డంగా గీత గీశారు.

సుబ్బులక్ష్మి గబుక్కున చెయ్యి చాచింది. "అది వద్దు సార్. ఇంకేదన్నా కొట్టేయండి. అది మాత్రం ఉండనీండి."

కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల గోడౌను మీద ఉన్న మిద్దె గది అది. ఆదివారాలు అక్కడ జరిగే కథల తరగతికి ఇదే ఆఖరి రోజు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడేవాళ్ళకి ఇంటి మాటలతో కథ రాయడం నేర్పాలని మాస్టారు విరుదునగర్ నుంచి రైల్లో వస్తున్నారు. నిలబడిన కథలన్నీ కలిపి పుస్తకం వేస్తున్నారు. కాగితాలు ఇవాళే తిరుత్తంగల్ ప్రెస్సుకి వెళ్ళాలి.

సుబ్బులక్ష్మి రాసింది ఒక పేజీ కథ. తాయిల్‌పట్టిలో పటాసుల ఫ్యాక్టరీకి పోయే కూతురు కాళీశ్వరి, పొద్దున్నే సద్ది గిన్నె పట్టుకుని బయల్దేరుతుంది. గడప దగ్గర వెనక్కి తిరిగి "వస్తామ్మా" అంటుంది. వ్యానెక్కుతుంది. సాయంత్రం వ్యాను వస్తుంది, కాళీశ్వరి రాదు. పోయినేడు ఆ ఫ్యాక్టరీ షెడ్డు పేలిన సంగతి, అందులో ఈమె కూతురు ఉన్న సంగతి తరగతిలో అందరికీ తెలుసు. అందుకే కథ చదివినప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు.

మాస్టారు కొట్టేసింది ఆ "వస్తామ్మా"నే.

"గడప దాటేటప్పుడు మన ఇళ్ళల్లో 'పోతా' అనేవాళ్ళు ఉన్నారా అమ్మా?"

"అనకూడదు సార్. పోతా అంటే పోయినట్టే. వస్తా అంటేనే తిరిగొచ్చేది."

"నేను చెప్పేదీ అదే. అందరూ అనే మాట. చదివేవాడు దాని మీద కన్ను కూడా ఆనించకుండా దాటేస్తాడు."

పక్కన కూర్చున్న అముద ఆమె మోచెయ్యి పట్టుకుంది. మిల్లులో పని చేసే పిల్ల. "కొట్టేయనీ అవ్వా. మొదట్లో నాకూ ఏడుపొచ్చె. సార్ సగం కొట్టేసినాక చూస్తే, మిగిలిండేదే నా కత."

"నీ కతలో మొగుణ్ణే కొట్టేసినారు కదా" అన్నాడు మగ్గం నేసే ఆనందరాజ్. "అందుకే బాగుండాది."

"ఇంట్లో ఉండేవాణ్ణి కొట్టేసేదానికీ ఒగ పెన్సిల్ ఈండి సార్" అంది అముద. గదంతా నవ్వింది.

ఆనందరాజ్ లేచి చొక్కా దులుపుకున్నాడు. "నేను టీకి పోతా. ఎవరికన్నా కావాల్నా?"

సుబ్బులక్ష్మి చటుక్కున అటు తిరిగింది. "వస్తా అను నాయినా."

"టీ అంగడి కిందనే కదవ్వా."

"కిందైతే ఏమి? వస్తా అను."

"సరి సరి. వస్తా, వస్తా, వస్తా" అని నవ్వుతూ దిగిపోయాడు. మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు ఆగేదాకా ఆమె చెవి అటే ఉంది.

మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. గొంతు తగ్గించారు. "మొదటి రోజు 'చదవను వచ్చు, రాయను రాదు' అన్నారు మీరు. ఇప్పుడు మీ కథలో సద్ది గిన్నె మూత చప్పుడు నాకు వినపడుతోంది. ఈ వాక్యం తీసెయ్యండి, పుస్తకంలో మొదటి కథ మీదే."

"తియ్యకుంటే?"

"వెయ్యలేనమ్మా. అందరి దాంట్లో కొట్టేసి, మీ ఒక్కరి దాంట్లో ఎట్లా వదిలేది?"

ఆమె కాగితం వైపు చూసింది. మొదటి కథైనా ఆఖరి కథైనా ఆమెకి ఒకటే. ఆ మాట అచ్చులో పడాలి. పడితే, ఎవరు పుస్తకం తెరిచినా కాళీశ్వరి గడప దగ్గర తిరిగి ఆ మాట అంటూనే ఉంటుంది. దానికోసమే మోకాళ్ళు పట్టుకుని ఇన్ని ఆదివారాలు ఈ మిద్దె ఎక్కింది.

"అయితే నా కత వద్దు సార్" అంది. కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టింది.

అముద "అవ్వా" అంటూ ఆమె కొంగు పట్టుకుంది.

మాస్టారికి కోపం కాదు, నిస్సత్తువ వచ్చింది. "మొదటి రోజు నుంచీ ఒకటే చెప్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తే కథ కాదు, పోలీసులకిచ్చే వాంగ్మూలం. ఒక్కటైనా కల్పించండి అన్నాను. అందరూ కల్పించారు. మీరు మాత్రం గిన్నె, గడప, వ్యాను, అన్నీ ఉన్నవి ఉన్నట్టే పెట్టారు. అందులో ఒక్క మాట మీరు సొంతంగా పుట్టించి ఉంటే, దాన్ని నేను ముట్టుకునేవాణ్ణే కాదు."

సుబ్బులక్ష్మి మెట్ల దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. తిరిగి వచ్చింది.

"మీరు చెప్పినట్టే చేసినా సార్. ఒగటి కల్పించినా."

"ఏదమ్మా?"

ఆమె మడతలు విప్పి, పెన్సిల్ గీత మీద వేలు పెట్టింది.

"ఇదే సార్. ఆ పొద్దు వ్యానోడు హారన్ కొడతా ఉండె. నా బిడ్డ ఏమీ చెప్పకనే పోయింది."